మాస్టారి చెయ్యి కనిపించిన కాలం



2020 మార్చి 25. శార్వరి నామ సంవత్సర ఉగాది. ముందు రోజు రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా తలుపులు మూసుకుంది. వేపపువ్వు కోసం గడప దాటాలా, దాటితే పోలీసులు ఏమంటారు అని మనవాళ్ళు తర్జనభర్జన పడుతున్న రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్రాన్స్ దేశంలో, నార్మండీ అనే పల్లెసీమలో, 82 ఏళ్ళ ఇంగ్లీషు చిత్రకారుడు ఒకరు ఐప్యాడ్ మీద పసుపుపచ్చని డాఫోడిల్ పూలు గీసి లోకం మీదికి వదిలారు. వసంతాన్ని వాళ్ళు రద్దు చేయలేరు, గుర్తుంచుకోండి అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు ఆ బొమ్మకి. అప్పటికి ఫ్రాన్స్‌లోనూ లాక్‌డౌనే. ఆ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ.

హాక్నీ అనగానే బొమ్మలు తెలిసినవాళ్ళకి కాలిఫోర్నియా ఎండ, నీలం ఈతకొలనులు గుర్తొస్తాయి. ఆయన కొన్నాళ్ళు పంతులుగిరీ కూడా చేశారన్న సంగతి అంతగా ఎవరికీ పట్టదు. 1964 నుంచి నాలుగేళ్ళలో అయోవా, కొలరాడో, లాస్ ఏంజిలిస్, బర్క్‌లీ విశ్వవిద్యాలయాల్లో బొమ్మలు నేర్పారు. తర్వాత ఆ ఉద్యోగం మానేసినా ఆ బుద్ధి మాత్రం మానలేదు. 2020 వసంతంలో ఇళ్ళలో చిక్కుకుపోయినవాళ్ళు ఏం చేయాలని అడిగితే ఆయన చెప్పింది ఒకటే. బొమ్మలు గీయండి, ఫొటోల సంగతి పక్కన పెట్టండి, ఎదురుగా ఉన్నదాన్ని గట్టిగా చూడండి.

రేడియోలో కూర్చుని బొమ్మల గురించి మాట్లాడటం కొంచెం విచిత్రమైన వ్యవహారమే. వినేవాళ్ళకి కుంచె కనపడదు, రంగు కనపడదు. అయితే ఈ ప్రసంగం బొమ్మల కన్నా వాటిని నేర్పే చేతుల గురించి. లాక్‌డౌన్ ఆ చేతులతో ఒక తమాషా చేసింది. పిల్లవాడి కాగితం మీదికి వెళ్ళకుండా వాటిని ఆపేసింది. మాస్టారి కాగితం దగ్గరికి వాటిని వెనక్కి పంపింది.

మన బడుల్లో డ్రాయింగ్ మాస్టారి సంగతి ముందు చూద్దాం. తెలుగునాట ఈ ఉద్యోగానికి ఒక సొంత దారి ఉంది. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్ పాసవ్వాలి, తర్వాత హయ్యర్. ఆపైన ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ శిక్షణ. ఇంత చేసి బడిలో చేరితే చేతికొచ్చేది వారానికి ఒకటో రెండో పీరియడ్లు. లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోతే అవి కూడా ఆయనకే. మిగతా వేళల్లో నోటీసు బోర్డు మీద సూక్తులు, ఆగస్టు పదిహేనుకి ముగ్గులు, రంగు కాగితాలు, వార్షికోత్సవానికి స్టేజీ వెనక తెర, సర్టిఫికెట్ల మీద పేర్లు.

ఇక క్లాసు. నలభై మంది పిల్లలు. బోర్డు మీద సుద్దముక్కతో కొండల మధ్య సూర్యుడు, ఒక గుడిసె, రెండు కొబ్బరిచెట్లు. అది చూసి పిల్లలు గీస్తుంటే మాస్టారు బెంచీల మధ్య తిరుగుతారు. వంగి ఒకడి పెన్సిల్ అందుకుంటారు, గీత సవరిస్తారు, లబ్బరు తీసుకుని ఒక కన్ను చెరుపుతారు, భుజం తట్టి ముందుకి సాగుతారు. గంట కొట్టేలోపు నలభై చోట్ల నలభై చిన్న సవరణలు. మన దగ్గర బొమ్మలు నేర్పడమంటే ప్రధానంగా దిద్దడమే. మాస్టారు తన బొమ్మ తాను మొదటి గీత నుంచి చివరి రంగు దాకా వేస్తుంటే చూసిన విద్యార్థులు చాలా తక్కువ. ఆ బొమ్మ ఇంట్లో ఉంటుంది. బీరువా వెనక, గోడకి ఆనించి, సగంలో ఆగిపోయి.

దీనికి గొప్ప మినహాయింపులు లేకపోలేదు. సిద్దిపేటలో కాపు రాజయ్య డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం చేస్తూనే తెలంగాణ పల్లె బతుకుని, బోనాలని, బతుకమ్మని తన శైలిలోకి తెచ్చుకున్నారు. ఊళ్ళో లలిత కళా సమితి పెట్టి మరికొందరిని తయారు చేశారు. కానీ రాజయ్య గారి లాంటివాళ్ళు అందరూ కాలేరు. చాలామందికి బడి పని అయ్యేసరికి ఓపిక అయిపోతుంది.

అలాంటి మాస్టార్ల ముందుకి ఫోను వచ్చి కూర్చుంది.

ఆన్‌లైన్ క్లాసులు మొదలైన తొలి వారాల్లో ఆ ఫోనుని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద చిక్కు. లెక్కలు చెప్పేవాళ్ళకి ముఖం కనిపిస్తే చాలు. బొమ్మలు నేర్పేవాళ్ళకి మాత్రం కాగితం పైనుంచి కనిపించాలి. స్టాండ్లు కొందామంటే దుకాణాలు లేవు. ఆ ఏడాది దేశంలో రెండు ఫొటోలు ఫోన్ల నిండా తిరిగాయి. ఒకదాంట్లో పుణె టీచరమ్మ ఒకావిడ బట్టలు తగిలించే హ్యాంగరుకి గుడ్డపీలికలతో ఫోను కట్టి, దాన్ని కుర్చీకి వేలాడదీసి కెమిస్ట్రీ పాఠం చెబుతున్నారు. రెండోదాంట్లో మరొకావిడ ఫ్రిజ్ లోపలి గాజు ట్రే తీసి రెండు డబ్బాల మీద పెట్టారు. ట్రే మీద ఫోను, కింద కాగితం. డ్రాయింగ్ మాస్టార్లు కూడా ఈ బడిలోనే చదివారు. పప్పు డబ్బాల దొంతర మీద చెక్క స్కేలు, స్కేలు చివర రబ్బరు బ్యాండుతో ఫోను, బరువు కోసం ఇంకో చివర నిఘంటువు.

ఫోను కుదిరాక అసలు సంగతి బయటపడింది. దిద్దడానికి లేదు. పిల్లవాడి గీత వంకరపోతే తెర మీద వేలు పెట్టి సరిచేయలేరు. చెప్పి చూడొచ్చు. కొంచెం కిందికి, కాదు ఇంకొంచెం, అటు కాదు నాన్నా ఇటు అని. పదిమంది అమ్మానాన్నలు వింటుండగా ఒక ముక్కు గురించి ఐదు నిమిషాలు అలా చెప్పిన మాస్టారు మర్నాటి నుంచి ఆ ప్రయత్నం మానుకుంటారు. ఇక మిగిలిన దారి ఒకటే. తాను గీయాలి. రోజూ, మొదటి నుంచి చివరి దాకా, చెరిపేసినవి కూడా కనపడేట్టు గీయాలి. బోర్డు మీద రెండు నిమిషాల్లో గీసిపారేసే కొబ్బరిచెట్టుతో నలభై నిమిషాల క్లాసు నడవదు. కాబట్టి వంటింట్లోంచి ఒక వంకాయ తెచ్చుకుని దాని తొడిమ ఎలా వంపు తిరిగిందో, నున్నటి ఒంటి మీద కిటికీ వెలుతురు ఎక్కడ తెల్లగా పడిందో మాస్టారు తానే చూడాల్సి వచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో.

పోగొట్టుకున్నవీ తక్కువేం కాదు. ఫోను కెమెరా గదిలోని దీపాన్ని బట్టి రంగుల్ని తనంతట తాను సర్దేస్తుంది. పసుపు బల్బు కింద వేసిన లేత నీలం తెర మీద ఒకరికి బూడిదగా, ఇంకొకరికి ఆకుపచ్చగా కనపడుతుంది. తెల్ల కాగితం ఎక్కువ కనిపిస్తే తెర మొత్తం చీకటి చేస్తుంది. నల్లటి చెయ్యి అడ్డం రాగానే మళ్ళీ వెలుగు పెంచుతుంది. వాట్సాప్‌లో పంపిన బొమ్మ నలిగి, కుదించుకుపోయి చేరుతుంది, పెన్సిల్ షేడింగ్‌లోని సన్నని తేడాలు అందులో చచ్చిపోతాయి. నీటి రంగుల్లో తడి మీద తడి వేసే పద్ధతి ఉంది. కాగితం ఎంత తడిగా ఉన్నప్పుడు రెండో రంగు వదలాలో కంటితో, వేలితో పట్టుకోవాలి. నెట్‌వర్క్ మూడు సెకన్లు ఆగితే ఆ క్షణం దాటిపోతుంది. అన్నిటికన్నా పెద్ద లోటు, పిల్లవాడు పెన్సిల్ని ఎంత గట్టిగా నొక్కుతున్నాడో తెలియకపోవడం. అనుభవమున్న మాస్టారు దాన్ని శబ్దాన్ని బట్టే కనిపెడతారు. జూమ్‌లో ఆ శబ్దం లేదు. అందరూ మ్యూట్.

ఇదే పరిస్థితి అమెరికాలో, ఇంగ్లండులో ఏ రూపం తీసుకుందో చూస్తే మన మాస్టార్ల అనుభవం ఒంటరిది కాదని అర్థమవుతుంది.

పిల్లల బొమ్మల పుస్తకాల రచయిత మో విలెమ్స్ అప్పటికి వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటర్‌లో విద్యా విభాగానికి ఆస్థాన కళాకారుడు. బస్సు నడుపుతానని మొండికేసే పావురం ఆయన సృష్టే. బడులు మూతపడగానే, 2020 మార్చి 16 నుంచి మూడు వారాల పాటు, పనిదినాల్లో మధ్యాహ్న భోజనం వేళకి మసాచుసెట్స్‌లోని తన స్టూడియోలో కూర్చుని పిల్లలతో కలిసి గీశారు. గీస్తున్నంతసేపు పిల్లల బొమ్మలు ఆయన చూసే వీలు లేదు. నేను గీస్తాను, మీరూ గీయండి, అంతే.

ఇంగ్లండులో గ్రేసన్ పెర్రీ ఇంకో దారి పట్టారు. మట్టికుండల మీద బొమ్మలు వేసి 2003లో టర్నర్ బహుమతి గెలుచుకున్న కళాకారుడాయన. భార్య ఫిలిప్పా మానసిక చికిత్సకురాలు. ఇద్దరూ కలిసి 2020 ఏప్రిల్ చివర్లో చానల్ 4లో ఆర్ట్ క్లబ్ అని మొదలుపెట్టారు. ఆరు భాగాలు. ముఖచిత్రాలు, జంతువులు, ఊహాలోకం, కిటికీలోంచి కనిపించేది, ఇల్లు, చివరికి బ్రిటన్. ప్రేక్షకులు ఇంట్లో వేసినవి పంపితే ఎంచి టీవీలో చూపించారు, వేసినవాళ్ళతో వీడియోలో మాట్లాడారు. ఎంపికైనవాటిని మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శిస్తామన్నారు. వరసగా వచ్చిపడిన లాక్‌డౌన్లతో ఆ ప్రదర్శన కూడా వాయిదాల మీద వాయిదాలు పడి గానీ జనానికి అందలేదు. ఆ కార్యక్రమంలో గమనించాల్సింది, పెర్రీ ఎవరి బొమ్మనీ దిద్దలేదు. పక్కన కూర్చుని తన పని తాను చేసుకుంటూ, మధ్యలో తలెత్తి ఎదుటివాళ్ళ బొమ్మ గురించి కబుర్లు చెప్పారు. ఫిలిప్పా కూడా ఏదో ఒకటి వేస్తూనే ఉన్నారు. ఇంట్లో ఇద్దరు గీసుకుంటుంటే మనం వెళ్ళి కూర్చున్నట్టు ఉంటుంది.

వీళ్ళందరికన్నా ముందు ఈ పని చేసి, చనిపోయి కూడా 2020లో పాఠం చెప్పిన మనిషి ఒకాయన ఉన్నారు. బాబ్ రాస్. గుబురు జుట్టు, మెత్తటి గొంతు. అమెరికా వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు పనిచేసి బయటికొచ్చి, 1983 నుంచి 1994 దాకా టీవీలో 403 భాగాల్లో బొమ్మలు వేశారు. 1995లో మరణించారు. లాక్‌డౌన్‌లో ఆయన పాత పాఠాలు యూట్యూబ్‌లో మళ్ళీ ఊపందుకున్నాయి, బీబీసీ ఫోర్ కూడా వాటిని ప్రసారం చేసింది. తడి తైలవర్ణం మీద తడి తైలవర్ణం వేస్తూ అరగంట కార్యక్రమంలోనే కొండ, చెరువు, దేవదారు చెట్లు పూర్తిచేస్తారాయన. అదంతా అప్పటికప్పుడు పుట్టినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి ప్రతి బొమ్మా మూడు సార్లు వేసేవారు. ముందు ఒకటి చూసి వేయడానికి, రెండోది కెమెరా ఎదుట, మూడోది పుస్తకం కోసం తీరిగ్గా.

రాస్‌ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. ఆయన శిష్యులందరి కొండలూ ఒకేలా ఉంటాయంటారు. అందులో నిజం ఉంది. ఆయన నేర్పింది వరస. ఈ కత్తి ఇలా లాగితే మంచు, ఈ బ్రష్షు ఇలా పొడిస్తే ఆకులు. ఎదురుగా ఉన్న చెట్టుని చూడటం ఆ వరసలో లేదు. అయినా ఇళ్ళలో భయంగా కూర్చున్న జనం ఆయన్నే వెతుక్కున్నారంటే ఒక కారణం తోస్తుంది. ఖాళీ తెల్లటి గుడ్డ మీద మొదటి మచ్చ పడటం దగ్గర్నుంచి అంతా కనపడుతుంది. ఒక మనిషి తొణకకుండా పని చేసుకుంటూ పోవడం కనపడుతుంది. చూసినవాళ్ళలో ఎంతోమంది చివరిదాకా కుంచె ముట్టుకోనే లేదు. అది తప్పేమీ కాదు.

ఇక్కడే హాక్నీ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఆయన 2009లో ఐఫోను మీద, మరుసటి ఏడు ఐప్యాడ్ రాగానే దాని మీద గీయడం మొదలుపెట్టారు. వాడిన యాప్ పేరు బ్రషెస్. దానికి ఒక గుణం ఉంది. వేసిన ప్రతి గీతనీ వరసలో గుర్తుపెట్టుకుంటుంది. బొమ్మ అయ్యాక మీట నొక్కితే మొదటి గీత నుంచి మళ్ళీ వేసుకుంటూ వస్తుంది. తాను గీయడం తానే చూసుకునే వీలు హాక్నీకి అంతకుముందు లేదు. అలా కదిలే బొమ్మల్ని ఆయన ప్రదర్శనల్లోనూ పెట్టారు. 1956లో పికాసో మీద క్లూజో అనే ఫ్రెంచి దర్శకుడు ఒక సినిమా తీశాడు, పికాసో వేస్తుంటే గీతలు తెర మీద పుడుతుంటాయి. అప్పుడు ఒక మహా చిత్రకారుడికి, ఒక సినిమా బృందానికి మాత్రమే కుదిరిన పని 2020 నాటికి నల్గొండలోనో నర్సీపట్నంలోనో ఒక మాస్టారి చేతిలోని ఫోనుకి కుదిరింది. రికార్డింగు మళ్ళీ వేసి చూసుకుంటే తన చెయ్యి ఎక్కడ తడబడిందో, ఏ గీతని అలవాటు కొద్దీ పాతికేళ్ళుగా అలాగే లాగేస్తోందో ఆయనకి కనపడుతుంది. సొంత గొంతు టేపులో మొదటిసారి విన్నప్పుడు కలిగే ఇబ్బంది లాంటిదే అది కూడా.

నార్మండీలో ఆ ఏడాది హాక్నీ చేసిన పని లెక్క చూస్తే కళ్ళు చెదురుతాయి. 2019లో అక్కడ పాత ఇల్లు కొనుక్కున్నారు. ఇంటి చుట్టూ ఆపిల్, పియర్, చెర్రీ చెట్లు, చిన్న చెరువు. విందులకి వెళ్ళే పని లేదు, అతిథులు రారు. పెరట్లో తిరిగి మోడుగా ఉన్న చెట్టు, మొగ్గ తొడిగిన చెట్టు, విరబూసిన చెట్టు, రాలిన చెట్టు వరసగా గీశారు. తెల్లారుజామున దీపం వేయకుండానే గీసుకోవచ్చు, ఐప్యాడ్ తెరకి దాని వెలుగు దానికే ఉంటుంది గదా. చెరువు మీద వాన పడుతుంటే నీళ్ళలో లేచే వలయాలు కూడా వదల్లేదు. ఆ వసంతం బొమ్మల్లో 116, కాగితం మీద పెద్దవిగా అచ్చయి 2021 మే 23 నుంచి సెప్టెంబరు 26 దాకా లండన్ రాయల్ అకాడమీలో వేలాడాయి. ఏడాది పొడవునా వేసినవాటిలోంచి కూర్చిన 90 మీటర్ల పొడవాటి చిత్రం అదే ఏడు అక్టోబరులో ప్యారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియంలో పెట్టారు. మోనే కలువపూలు ఉన్న మ్యూజియమే అది. నార్మండీలోనే ఉన్న బాయూ కుట్టుపని వస్త్రం, సుమారు 70 మీటర్లది, తనకి ప్రేరణ అని ఆయన చెప్పుకున్నారు. విమర్శకులందరూ మెచ్చుకోలేదు. తెర మీద ముచ్చటగా ఉన్న గీత కాగితం మీద పెద్దదైతే చప్పగా ఉందన్నవాళ్ళున్నారు. కొన్ని బొమ్మల విషయంలో ఆ మాట ఒప్పుకోవాల్సిందే. రంగుకి మందం లేదు, కుంచె వెంట్రుకల జాడ లేదు. కానీ ఒకే చెట్టుని పదిసార్లు చూసిన ఓపిక అబద్ధం చెప్పదు.

అయితే అన్ని బొమ్మలూ తెరలోకి రావు. శ్రీకాళహస్తి కలంకారీ తీసుకోండి. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. ఇనుప ముక్కలు బెల్లంతో నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే నల్లరంగు తయారవుతుంది. అది తయారైందీ లేనిదీ తెలిసేది వాసనతో. వెదురు కలానికి చుట్టిన గుడ్డని ఎంత నొక్కితే ఎంత రంగు దిగుతుందో వేళ్ళకి తెలియాలి. మధ్య మధ్య పారే నీళ్ళలో ఉతకాలి. ఈ విద్యలో వీడియో చూసి నేర్చుకోగలిగింది గీతల వరకే. చేర్యాల నకాశీ పటాలదీ ఇంచుమించు అదే కథ. చింతగింజల అంబలి, సుద్ద, బంక కలిపి ఖాదీ గుడ్డకి పూత పెట్టడం పక్కనుండి చూస్తే తప్ప పట్టుబడదు. కాకపోతే చేర్యాలలో తరగతి గది, ఇల్లు ఒకటే. తాతా మనవడూ ఒకే పంచలో కూర్చుంటారు. గురువుని శిష్యుడి నుంచి విడదీయడం అక్కడ లాక్‌డౌన్ తరం కాలేదు. కొనేవాళ్ళ నుంచి మాత్రం ఇద్దర్నీ కలిపే విడదీసింది. ఎగ్జిబిషన్లు లేవు, శిల్పారామం మూసేశారు, పర్యాటకులు లేరు.

పశ్చిమ బెంగాల్లో నయా గ్రామానికి చెందిన స్వర్ణ చిత్రకార్ ఆ వేసవిలో కరోనా మీద పటం వేసి, దాన్ని విప్పుతూ పాట పాడారు. ఆ వీడియో ఊళ్ళు దాటి దేశాలు దాటింది. బొమ్మ చూపిస్తూ కథ పాడే పటువాల సంప్రదాయానికి ఫోను కెమెరా ఎంత సహజంగా అమరిందో అందులో చూడొచ్చు.

ఇంతదాకా చెప్పింది బొమ్మల సంగతి. బియ్యం సంగతి కూడా ఉంది.

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. లెక్కలు, సైన్సు, భాషలకే వేళ చాలని ఆ పాఠాల్లో డ్రాయింగ్ ఊసెత్తే తీరిక ఎవరికి? ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు 2న తొమ్మిది, పది తరగతుల పిల్లలు బడికొచ్చారు. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులు తెరిచారు, మార్చి 24 నుంచి మళ్ళీ మూసేశారు. ప్రైవేటు బడుల్లో జీతాలు సగమయ్యాయి, కొన్నిచోట్ల పూర్తిగా ఆగాయి. కూరగాయలు అమ్మిన టీచర్లు, ఉపాధి హామీ పనికి వెళ్ళిన టీచర్లు ఆ రోజుల పత్రికల్లో కనిపించారు. 2021 ఏప్రిల్ 8న తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకి, సిబ్బందికి నెలకి రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. బడి పుస్తకాల్లో పేరున్న డ్రాయింగ్ టీచరుకి అవి అందే వీలుంది. అపార్ట్‌మెంటులో సాయంత్రాలు ఐదారుగురు పిల్లలకి నేర్పుకునే ఆవిడ పేరు ఏ రిజిస్టరులో ఉంటుంది? ఈ పనిలో ఉన్నవాళ్ళలో ఇలాంటివాళ్ళే ఎక్కువ. లాక్‌డౌన్‌లో సృజన వికసించిందని రాసే వ్యాసాలు ఈ ముక్కని తరచూ దాటేస్తాయి. హాక్నీకి కాయితం ఖరీదు గురించిన చింత లేదు. మన మాస్టారికి రెండు నెలలకే కార్ట్రిడ్జ్ షీట్లు అయిపోయాయి, దుకాణం తెరిచాక కూడా కొనలేదు. పాత పరీక్ష పేపర్ల వెనక, పెళ్ళి శుభలేఖల లోపలి వైపు గీసినవాళ్ళున్నారు. శుభలేఖ అట్ట నీటి రంగుకి బాగానే ఆగుతుంది, ఆ మాటా చెప్పాలి.

అంటువ్యాధి బొమ్మల బడి గుమ్మం ఎక్కడం మనకి అదే మొదటిసారి కాదు. రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర స్వయంగా బొమ్మలు వేసే మనిషి. కుర్రవాడైన దామెర్ల రామారావు ఆయన పక్కన చేరి నేర్చుకున్నాడు, ఆయన ప్రోత్సాహంతోనే బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళాడు. తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. వయసు ఇంకా ఇరవై ఎనిమిది నిండలేదు. బడి మాత్రం ఆగలేదు. మిత్రుడు వరద వెంకటరత్నం భుజాన వేసుకుని నడిపారు. ఈ రోజుకీ రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళితే ఆ బొమ్మలు చూడొచ్చు.

మళ్ళీ మన కాలానికి వద్దాం. బడులు పూర్తిగా తెరిచాక డ్రాయింగ్ మాస్టార్లలో కొందరు తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళు పాత పద్ధతికి తిరిగి వచ్చారు, బెంచీల మధ్య నడక, లబ్బరు, భుజం మీద చెయ్యి. పిల్లలకి అది కావాలి కూడా. రెండేళ్ళు ఎవరూ పెన్సిల్ పట్టు సరిచేయని పిల్లల చేతులు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. పిడికిలి బిగించి రాసే అలవాటు, కాగితం వెనక్కి అచ్చు దిగేంత ఒత్తిడి. అయితే కొన్ని క్లాసుల్లో కొత్తది ఒకటి మిగిలింది. మాస్టారు ఇప్పుడు బోర్డు వదిలి బల్ల దగ్గర కూర్చుంటారు, ఫోను పైన వేలాడుతుంది, ప్రొజెక్టరు ఉంటే గోడ మీద ఆయన చెయ్యి మూడడుగుల పొడవున కనిపిస్తుంది. ముందు తాను వేస్తారు, తర్వాత లేచి దిద్దడానికి వెళతారు. లాక్‌డౌన్‌లో పట్టుబడిన రోజువారీ అలవాటుతో బీరువా వెనక బొమ్మని బయటికి తీసి పూర్తిచేసినవాళ్ళూ, పట్టణాల్లో చిన్న గ్యాలరీల్లో పదిమంది కలిసి ప్రదర్శన పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇంకో సంగతి కూడా మిగిలింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. లాక్‌డౌన్‌లో తీసిన ఆ పాఠాల వీడియోలు ఎవరివి?

బాబ్ రాస్ విషయంలో ఇలాంటి గొడవే కోర్టు దాకా వెళ్ళింది. ఆయన పేరు మీద ఉన్న కంపెనీ ఆయన వ్యాపార భాగస్వాములైన కొవాల్‌స్కీ కుటుంబం చేతిలో ఉంది. తండ్రి పేరు, రూపం మీద హక్కు కోసం కొడుకు స్టీవ్ దావా వేశాడు. 2019లో తీర్పు కంపెనీ వైపు వచ్చింది. స్టీవ్ కూడా చిత్రకారుడే, తండ్రి పక్కన నిలబడి టీవీలో బొమ్మలు వేసినవాడే. 2021 ఆగస్టులో దీని మీద నెట్‌ఫ్లిక్స్‌లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన రచన మీద తొలి హక్కు యజమానిది, వేరే ఒప్పందం ఏదైనా రాసుకుంటే తప్ప. 2020లో డ్రాయింగ్ మాస్టారు తన ఇంట్లో, తన ఫోనుతో, తన రంగులతో, తన కరెంటుతో తీసిన పాఠం బడి లోగో తగిలించుకుని యూట్యూబ్‌లో ఇప్పటికీ నడుస్తూ ఉండొచ్చు. ఆ మాస్టారు ఆ బడిలో ఇప్పుడు లేకపోవచ్చు. ఆయనకి అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇచ్చారో లేదో, ఇచ్చి ఉంటే అందులో వీడియోల మాట ఉందో లేదో చూసుకోవాలి. కొత్త విద్యాసంవత్సరానికి సంతకం పెట్టబోయే బొమ్మల టీచర్లు ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాయించుకోమని యాజమాన్యాన్ని అడగొచ్చు. నేను వేసి చూపించిన పాఠాల రికార్డింగుని నా పేరుతోనే వాడాలి, నేను మానేశాక వాడాలంటే నన్ను అడగాలి అని.